ఒక టోపీ, మూడు తలకాయలు

పాలవాడు పడ్డ చోట రోడ్డు మీద తెలుపూ ఎరుపూ కలిసి పారాయని మా వదిన చెప్పింది. ఆమె వర్ణనలు చేసే మనిషి కాదు, అందుకే నమ్మాను. కూరగాయలకు బయలుదేరి చౌరస్తా దాటుతుంటే ఆమె కళ్ళ ముందే బొగ్గు లారీ ఒకటి అతని సైకిలును పక్క నుంచి రాసుకుంటూ పోయింది. చక్రం అతని మీదికి ఎక్కనే లేదు. పక్కకు ఒరిగి పడ్డాడు, డివైడరు అంచుకు తల కొట్టుకుంది, అంతే. పాల క్యాన్లు దొర్లుకుంటూ అవతలి ఒడ్డుకు చేరాయి. చేతుల మీద, కాళ్ళ మీద గీత కూడా పడలేదట.

"మనిషంత మంచిగనే ఉండె. నెత్తి ఒక్కటే పలిగింది" అంది వదిన. ఖాళీ సంచి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

మా అన్న అప్పుడు గడప పక్కన కూర్చుని సైకిలు చెయినుకు నూనె వేస్తున్నాడు. ఆయన గనిలో పెట్టుకునే గట్టి ప్లాస్టిక్ టోపీ ఎప్పటిలాగే హ్యాండిలుకు వేలాడుతోంది. వదిన ఆ టోపీని లాగి అన్న మీదికి విసిరింది. అది మోకాలి చిప్పకు తగిలి ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది.

"టోపీ హ్యాండిలుకు పెడ్తివి. నెత్తి గూడ ఆడనే ఉన్నదా నీకు?"

అన్న మోకాలు రుద్దుకుంటూ నా వైపు చూశాడు. నేను చెయిను వైపు చూశాను.

అన్న ఊరి అంచున ఉన్న ఓపెన్‌కాస్ట్, అంటే పైనుంచి తవ్వే బొగ్గు గనిలో పంపు ఆపరేటరు. గొయ్యి అడుగున చేరిన నీళ్ళను పైకి తోడించడం ఆయన పని. మా నాయన మంచిర్యాల వైపు నుంచి బొగ్గు పనికి మహారాష్ట్రలోని చంద్రపూర్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అన్న ఆయన వెనకే బొగ్గులోకి దిగాడు. నేను మాత్రం చదువుకుని బయటపడ్డానని బంధువులు అంటారు. ఆ బయట కూడా గని రోడ్డు మీదే ఉంది. అక్కడొక హిందీ మీడియం బడిలో లెక్కలు చెబుతాను. అన్నకు పగటి పూట జనరల్ షిఫ్టు ఉన్న రోజుల్లో ఇద్దరం కలిసి సైకిళ్ళ మీద పోతాం.

ఆ రోడ్డు మనుషుల్ని కొడుతుంది. ఇంకో మాట నాకు దొరకలేదు. లారీ హారను వెన్ను మీద చరుస్తుంది. గుంతలో లారీ ఎగిరినప్పుడల్లా పైనుంచి బొగ్గు పెళ్ళలు రాలి, తారు మీద పగిలి, ముక్కలు పిక్కలకు వచ్చి తగులుతాయి. ఎండాకాలంలో గాలి చెంప మీద కొడుతుంది. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ జరిగితే మా సందులో గూట్లో పెట్టిన గిన్నెలన్నీ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. మా ఇళ్ళలో పిల్లలు ఉరుముకు ఏడవరు, అలవాటై పోయింది.

టోపీ సంగతి కూడా చెప్పాలి. గనిలో టోపీ లేనివాణ్ణి గేటు దాటనివ్వరు. లోపల అందరూ పెట్టుకుంటారు. గేటు బయటికి వచ్చాక మాత్రం దాన్ని హ్యాండిలుకు తగిలించాలి, అది ఎవరూ రాయని నియమం. రోడ్డు మీద టోపీతో కనిపించినవాడు నిన్ననే పనిలో చేరినవాడైనా అయి ఉండాలి, పెళ్ళిచూపులకు పోతున్నవాడైనా అయి ఉండాలి. ఇంకొకటి, టోపీకి గడ్డం కింద బిగించుకునే పట్టీ ఉంటుంది. దాన్ని ఎవరూ బిగించరు. చెమటకు గడ్డం కింద పుండు పడుతుందని పైకి తిప్పి ముందంచు మీద వేసుకుంటారు. ఆఫీసరు జీపు కనిపిస్తే కిందికి లాగుతారు, జీపు మలుపు తిరగ్గానే పట్టీ మళ్ళీ పైకి పోతుంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో వాదన జరిగింది. పనిలో ఉన్నంత సేపూ నెత్తి ఉడికిపోతుందనీ, ఇంటి దారిలోనైనా దానికి గాలి తగలాలనీ అన్న అన్నాడు. గనిలో పైనుంచి రాళ్ళు పడతాయి కాబట్టి టోపీ, రోడ్డు మీద ఆకాశం ఊడి పడుతుందా అని అడిగాడు.

"ఆకాశం పడదు. నువ్వే పడ్తవు" అంది వదిన.

ఈ ఒక్క మాట మీద మేం ఆగి ఆలోచించి ఉంటే చాలా రక్తం మిగిలేది. ఆగలేదు. ఆమె నా వైపు తిరిగి, చదువుకున్నవాడివి నువ్వు చెప్పు, సైకిలోళ్ళకు హెల్మెట్ కావాల్నా వద్దా అంది. నేను గొంతు సవరించుకున్నాను. మోటారు సైకిళ్ళను పోలీసులు ఆపుతారు గానీ సైకిళ్ళను ఆపరనీ, అంటే సైకిలువాడి తలను చట్టం ఇంకా తలకెక్కించుకోలేదనీ, అయితే తల తలే కదా అనీ, కానీ మన ఎండలు చూస్తే అన్నయ్య చెప్పిందీ నిజమేననీ అన్నాను. అసలు సంగతేమిటంటే నా నెత్తి మీద మిగిలిన కొద్ది వెంట్రుకలను రోజూ ఎడమ నుంచి కుడికి ఎంతో ఓపికగా పరుచుకుంటాను. హెల్మెట్ పెడితే ఆ ఏర్పాటంతా చెదిరిపోతుంది. అది మాత్రం చెప్పలేదు.

"బడిల గూడ గిట్లనే చెప్తవా తమ్మీ? రెండు రెండ్లు నాలుగు కావచ్చు, కాకపోవచ్చు అని?"

అన్న గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుతో మా ఇంట్లో యుద్ధం మొదలైంది.

వదిన తిట్టలేదు. రొట్టెల పిండిని శత్రువును కొట్టినట్టు కొట్టింది. పళ్ళేన్ని అన్న ముందు పెట్టలేదు, పడేసింది. తెల్లారి చూస్తే సైకిలు ముందు టైరులో గాలి లేదు. అన్న పంపు కొట్టుకుని పోయాడు. మర్నాడు వెనక టైరు. ఆ పై రోజు రెండు టైర్లకూ సూది పోట్లు కనిపించాయి, ఆమె దాచడానికి కూడా ప్రయత్నించలేదు. గనిలో పంపు, ఇంట్లో పంపు. ఆపరేటరు అలిసిపోయాడు. చివరికొక ఉదయం నిద్రముఖంతో బయటికొచ్చి, హ్యాండిలు మీది గని టోపీ తీసి నెత్తిన పెట్టుకుని, చాలునా అని అడిగాడు.

వదిన దగ్గరికొచ్చి వేలి కణుపులతో దాని మీద గట్టిగా కొట్టి చూసింది. కుండల అంగడిలో బేరమాడినట్టు ఇంకో చోటా కొట్టింది. అది గట్టి టోపీ. ఒకసారి గొయ్యి అంచు నుంచి కొబ్బరికాయంత రాయి జారి అన్న నెత్తి మీద పడితే, టోపీకి సొట్ట పడింది తప్ప అన్నకేమీ కాలేదు. ఆ సొట్టను మేం పండగకు వచ్చిన చుట్టాలకు చూపిస్తుంటాం. అంత రాయిని ఆపింది రోడ్డును ఆపదా అనుకున్నాం. వదినా అనుకుంది, నేనూ అనుకున్నాను. పట్టీ పైకి తిప్పే ఉంది. అది మా కళ్ళకు ఎంతగా అలవాటైపోయిందంటే, పట్టీ ఉండాల్సిన చోటే అది అనుకున్నాం.

దారిలో తోటివాళ్ళు అన్నను బతకనివ్వలేదు. పిల్ల ఏ ఊరని ఒకడు అడిగాడు. ఇంకొకడు మా పక్కకు వచ్చి, చాలా మర్యాదగా, "ఏందన్నా, రోడ్డు మీద గూడ బ్లాస్టింగ్ పెట్టిన్రా?" అన్నాడు. అన్న పళ్ళు బిగబట్టి తొక్కాడు. టైర్లలో గాలి నిలిచింది, పళ్ళెం మెల్లగా దిగింది, యుద్ధం ముగిసిందనుకున్నాం.

ఎండలు ముదిరిన రోజుల్లో, మా బడి ఇంకా కొంచెం దూరం ఉందనగా, బొగ్గు లారీ ఒకటి మమ్మల్ని దాటింది. నేను అన్న వెనక ఉన్నాను. లారీ మీద కప్పిన టార్పాలిన్ తాడు ఒకటి ఊడి, చివర ఇనుప కొక్కెంతో గాలిలో ఊగుతోంది. అది నాకు కనిపించింది. కనిపించడానికీ నోరు తెరవడానికీ మధ్య కొక్కెం అన్న హ్యాండిలును పట్టుకుంది.

సైకిలు ముందుకు ఎగిరింది, అన్న దాని మీద లేడు. మొదట టోపీ ఊడింది. ఆయన ఇంకా గాలిలో ఉండగానే అది నింపాదిగా పక్కకు పోయి, తారు మీద దొర్లి, గిర్రున తిరిగి, వెల్లకిలా గిన్నెలా నిలబడింది. ఆ తర్వాత అన్న తల రోడ్డుకు తగిలింది. ఆ చప్పుడును దేనితోనూ పోల్చను. పోలిస్తే ఆ వస్తువును మళ్ళీ ఇంట్లో వాడుకోలేను.

నేను చేరేసరికి ఆయన లేచి కూర్చున్నాడు. చెవి పైనుంచి వెనక దాకా చర్మం తెరుచుకుని ఉంది. రక్తం ఒక కంటిని పూర్తిగా మూసేసి, గడ్డం మీదుగా చొక్కాలోకి దిగుతోంది. రెండో కంటితో చుట్టూ వెతికి, "టోపీ ఏది?" అన్నాడు.

సైకిలు లారీ కింద ఇరుక్కుని గీసుకుపోతుండడంతో లారీ ఆగింది. డ్రైవరు కిందికి దిగాడు. అలాంటప్పుడు ఆ రోడ్డు మీద డ్రైవర్లు దిగరు, దూకి పొలాల్లోకి పరిగెడతారు. ఇతను మా వైపు పరిగెత్తుకొచ్చాడు. చాయ్ బండి దగ్గరివాళ్ళు, ఆటోలవాళ్ళు, షిఫ్టుకు పోతున్నవాళ్ళు అతన్ని సగం దారిలోనే పట్టుకున్నారు. పాలవాడు పోయినప్పటి నుంచీ ఆ రోడ్డు ఎవరో ఒకరి కోసం కాచుకుని ఉంది. ఎవరో మరాఠీలో "మారా సాల్యాలా" అన్నారు, కొట్టండి వెధవను అని. ఆ తర్వాత చాలాసేపు మాటలు వినిపించలేదు, దెబ్బలే వినిపించాయి.

నాకు నీళ్ళు కావాలి. అన్న ముఖం కడగాలి, కన్ను ఉందో లేదో చూడాలి. దగ్గర్లో నీళ్ళంటే లారీ క్యాబినులో వేలాడుతున్న క్యానే. మెట్టెక్కి క్యాను అందుకుని దిగబోతుంటే వెనక నుంచి కాలరు బిగుసుకుంది. క్లీనరు దొరికాడని ఎవరో సంతోషంగా అరిచారు. బడికి పోతున్న మాస్టరుకూ లారీ క్లీనరుకూ తేడా తెలియకపోవడం వాళ్ళ తప్పని నేను చెప్పలేను. ఆ వేళకు నా వెంట్రుకల ఏర్పాటు కూడా చెదిరిపోయి ఉంది.

మొదటి దెబ్బ ఎడమ చెవి మీద పడింది. లోపల ఏదో గుడి గంట మోగినట్టు మోగి, ఇక ఆగలేదు. నేను తెలుగులో వద్దన్నాను, హిందీలో బతిమాలాను, మరాఠీలో మాస్టర్నని చెప్పుకున్నాను. ఏ బడి అని ఒకడు అడిగాడు, చెప్పాను. ఏ సబ్జెక్టు అన్నాడు. లెక్కలన్నాను. ఆ తర్వాత దెబ్బలు ఎక్కువయ్యాయి. వాడు మా బడిలోనే చదివి ఉంటాడని నా అనుమానం. కింద పడ్డాక కడుపులో ఒక చెప్పుకాలు దిగింది. ఊపిరి తిరిగి వచ్చే లోపల వాళ్ళ కాళ్ళ సందుల్లోంచి డ్రైవరును చూశాను.

నన్ను కొట్టిన కొట్టుడు ఆటలాంటిదని అప్పుడు తెలిసింది. అతను మోకాళ్ళ మీద ఉన్నాడు. పై పెదవి చీలి వేలాడుతోంది. రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంటే, ఆ చేతుల మీదే కర్రతో కొడుతున్నారు. వేళ్ళు వంకర తిరిగిపోయాయి. అయినా అతను చేతులు తీయలేదు. చెప్పులు అయిపోయాయి, కర్ర విరిగింది. ఒకడు రోడ్డు పక్కన పడి ఉన్న బొగ్గు పెళ్ళను రెండు చేతులతో ఎత్తుకుంటున్నాడు. అది ఆ లారీ మీది నుంచి పడిందే అయి ఉంటుంది.

అప్పుడు అన్న వచ్చాడు. ముఖం సగం ఎర్రగా, చేతిలో టోపీతో, తాగినవాడిలా తూలుతూ వచ్చాడు. జనం దారి ఇచ్చారు. దెబ్బ తిన్నవాడికి కొట్టే హక్కు ముందు ఉంటుంది కదా. ఇద్దరు డ్రైవరు చేతులను నెత్తి మీది నుంచి పీకి వెనక్కి విరిచి పట్టుకున్నారు, అన్నకు అనువుగా ఉండాలని. అన్న టోపీ ఎత్తాడు. దానితోనే కొడతాడని అందరం అనుకున్నాం. డ్రైవరు కళ్ళు మూసుకున్నాడు.

అన్న టోపీని అతని నెత్తి మీద పెట్టాడు.

పెళ్ళ ఎత్తినవాడు అప్పటికే విసిరేశాడు. అది టోపీ నడినెత్తిన పడి, పగిలి, నల్లటి ముక్కలుగా అతని భుజాల మీద రాలింది. కిందున్న తల అలాగే నిలిచింది. ఆ ఒక్క పని చేయడానికే పుట్టిన టోపీ అది. పైనుంచి పడేదాన్ని ఆపడం దానికి బాగా తెలుసు.

అన్న డ్రైవరుకు అడ్డంగా నిలబడి, దెబ్బ నాకు తగిలింది, మీ చెయ్యెందుకు లేస్తోందని హిందీలో అడిగాడు. అరవలేదు. రక్తం నోట్లోకి పోతుంటే ఉమ్మి మళ్ళీ అడిగాడు. నేను కింద నుంచి, అన్నా, నేనిక్కడున్నా, నన్నూ కొడుతున్నరని చెప్పాను. ఆయన తెరిచి ఉన్న కంటితో నన్ను చూశాడు.

"నీ నెత్తికేం గాదు తియ్యి. దాంట్ల లెక్కలే ఉన్నయి."

అని, నిలుచున్నవాడు నిలుచున్నట్టే ముందుకు కూలిపోయాడు. కొడుతున్న చేతులే ఆయన్ని ఎత్తి ఆటోలో వేశాయి. నన్ను కాలరు పట్టి లాగినవాడే నా పక్కన కూర్చుని, తన రుమాలు అన్న తలకు అదిమిపట్టి దవాఖాన దాకా వచ్చాడు. పోలీసులు వచ్చి డ్రైవరును జీపులో తీసుకుపోతుంటే చూశాను. టోపీ అతని నెత్తి మీదే ఉంది.

దవాఖానలో అన్న తల సగం గొరిగి కుట్లు వేశారు. లోపల రక్తం కారిన జాడ లేదనీ, అయినా కొన్నాళ్ళు కనిపెట్టి ఉండాలనీ డాక్టరు చెప్పాడు. ఇంకొంచెం ముందు వైపు తగిలి ఉంటే అంటూ మొదలుపెట్టి, వదిన ముఖం చూసి ఆపేశాడు. ఆమె పిండి చేతులతోనే వచ్చింది. తర్వాత నన్ను వరండాలోకి పిలిచి, టోపీ పెట్టుకున్నాడా అని అడిగింది. పెట్టుకున్నాడన్నాను.

"మరి?"

ఆ ఒక్క మాటకు నేను జవాబు వెతుక్కుంటూ, రాయి పైనుంచి వచ్చి టోపీని నెత్తికి అదుముతుందనీ, మనిషి పడ్డప్పుడు పట్టీ లేని టోపీ ముందే వెళ్ళిపోతుందనీ, అసలది సైకిలు మీది నుంచి పడే తల కోసం చేసింది కాదనీ చెప్పుకుపోయాను. ఈసారి నేను రెండు వైపులా మాట్లాడలేదు. ఆమె తన చేతి కణుపులను చూసుకుంది. అవి రెండుసార్లు ఆ టోపీని పరీక్షించిన కణుపులు. వాటితోనే గోడను కొట్టింది. సున్నం రాలింది, చర్మం లేచింది. నేను చెయ్యి పట్టుకునే లోపల ఇంకోసారి కొట్టింది.

పాత టోపీ తిరిగి ఇస్తే గానీ గనిలో కొత్తది ఇవ్వరు. అందుకని మర్నాడు నేను పోలీస్ స్టేషనుకు పోయాను. డ్రైవరు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ముఖం ఉబ్బి కళ్ళు గీతల్లా ఉన్నాయి. వేళ్ళకు కట్లు. టోపీ నెత్తి మీదే ఉంది, పట్టీ గడ్డం కింద బిగించి ఉంది. వాచిన గడ్డం ఆ పట్టీకి రెండు వైపులా పొంగుతోంది. చాయ్ తాగేటప్పుడు కూడా తీయడం లేదని కానిస్టేబుల్ నవ్వాడు.

నేను టోపీ కోసం వచ్చానని చెప్పాను. అతను ముందు ఆ మనిషి బతికి ఉన్నాడా అని అడిగాడు. ఉన్నాడన్నాను. బయట జనం ఉన్నారా అని అడిగాడు. బయట ఒక మేక తప్ప ఎవరూ లేరు, అదే చెప్పాను. అతను ఆలోచించి, కట్లు కట్టిన రెండు చేతులూ టోపీ మీద పెట్టుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. నా చెవి మోగుతూనే ఉంది. ఇద్దరం కాసేపు గేటు వైపు చూశాం. ఆ తర్వాత ఖాళీ చేతులతో వచ్చేశాను.

సంగతి విని అన్న, ఉంచుకోనీ, స్టోరులో ఏదో ఒకటి చెప్పుకుందాం అన్నాడు. తర్వాత అడిగాడు:

"పట్టీ కట్టుకున్నడా?"

"కట్టుకున్నడు. గట్టిగ."

వదిన మంచం పక్కన నారింజ వలుస్తోంది. తల ఎత్తలేదు గానీ చేతులు ఆగాయి.

సైకిలు హెల్మెట్లు ఆమే బజారుకు పోయి తెచ్చింది. ఒకటి అన్నకు, ఒకటి నాకు. చుట్టూ బొక్కలు, పట్టుకుంటే బరువే లేదు. ఇది దేన్ని ఆపుతుందని అన్న అనుమానంగా వేలితో కొట్టబోతే ఆమె ఆ వేలి మీద కొట్టింది. కొట్టి చూసే వస్తువు కాదని చెప్పింది. సందులో పిల్లలు మా ఇద్దరికీ పుచ్చకాయలని పేరు పెట్టారు. నా పుచ్చకాయ కింద వెంట్రుకలు ఏ దిక్కుకు పోతున్నాయో ఇప్పుడు నాకు తెలియదు, తెలుసుకోవడం మానేశాను.

కుట్లు మానాక అన్న మళ్ళీ పనికి బయలుదేరిన ఉదయం వదిన గడప దిగి వచ్చింది. కొత్త గని టోపీ, బాగు చేయించిన సైకిలు హ్యాండిలుకు వేలాడుతోంది. గేటు దగ్గర ఒకటి తీసి ఇంకొకటి పెట్టుకోవాలని ఒప్పందం. హెల్మెట్ పట్టీని అన్న అలవాటు కొద్దీ పైకి తిప్పబోయాడు. ఆమె ఆ చేతిని కొట్టి దించి, పట్టీ కిందికి లాగి, గడ్డం కింద టక్కున బిగించింది. చర్మం కొంచెం ఇరుక్కున్నట్టుంది, అన్న ముఖం వంకర పోయింది.

"ఊపిరాడ్తలేదే."

"ఆడ్తలేదని చెప్తున్నవంటే ఆడ్తున్నట్టే. పో."